గోరంత ముక్క... కొండంత ఆసరా

క్యాన్సర్ గడ్డ తీసేశాక ఇంటిల్లిపాదీ దాని ఊసే మరిచిపోవాలనుకుంటారు. ల్యాబులో దాని కథ అప్పుడే మొదలవుతుంది. జబ్బు పేరు తేల్చేది ఆ ముక్కే. ఏ మందు పనిచేస్తుందో చెప్పేదీ, రేపటి మందుకు దారి చూపేదీ అదే. ఆ ముక్కను ఏళ్ల తరబడి పదిలంగా దాచే కణజాల బ్యాంకుల గురించి, అక్కడ పనిచేసే మనుషుల గురించి ఈ వారం ముఖచిత్ర కథనం.

ఉదయం పదకొండున్నర కావస్తోంది. ఆపరేషన్ థియేటర్ తలుపు తెరుచుకుంది. బయట బెంచీ మీద కూర్చున్న నలుగురూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. వచ్చింది డాక్టరు కాదు. మూత బిగించిన డబ్బా పట్టుకుని ఓ కుర్రాడు వచ్చాడు. వాళ్ల వంక చూడకుండానే వరండా వెంట గబగబా వెళ్లిపోయాడు. ఆ డబ్బాలో ఉన్నది తమ అమ్మ రొమ్ములోంచి తీసిన గడ్డేనని వాళ్లకు తెలియదు. మళ్లీ బెంచీ మీద కూలబడ్డారు.

కింది అంతస్తులో, గ్లౌజులు తొడుక్కుని ఎదురుచూస్తున్న పాథాలజిస్టు అడిగిన మొదటి మాట: "ఎన్నింటికి తీశారు?"

"పదకొండూ ఇరవై రెండుకి, మేడమ్."

ఆమె గోడ గడియారం వంక చూసి, ఆ సమయం కాగితం మీద రాయించాకే డబ్బా మూత తీసింది.

అంతకుముందు రోజు సాయంత్రం వార్డులో ఆ తల్లి మంచం పక్కన ఇంకో సంభాషణ జరిగింది. "అమ్మా, రేపు తీసే గడ్డలో పరీక్షకు పోగా మిగిలిన దాంట్లోంచి చిన్న ముక్క దాచుకుంటాం. పరిశోధనకు పనికొస్తుంది. మీ పేరు పరిశోధకులకు తెలియదు, నంబరు మాత్రమే ఉంటుంది. ఇష్టం లేకపోతే వద్దని చెప్పండి. మీ వైద్యంలో ఏ తేడా రాదు" అన్నాడు సమ్మతి పత్రం పట్టుకొచ్చిన ఉద్యోగి. ఆమె చాలాసేపు ఆలోచించింది. "నా కూతురికి ఇది రాకుండా పనికొస్తాదా, బాబూ?" అని అడిగింది. "వస్తుందని మాటివ్వలేనమ్మా. కానీ ఎవరో ఒక ఆడబిడ్డకు ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది" అన్నాడతను. ఆమె సంతకం పెట్టింది.

ఇది ఏ ఒక్క ఊరి కథో కాదు. కణజాల బ్యాంకు ఉన్న క్యాన్సర్ ఆస్పత్రుల్లో దాదాపు రోజూ కనిపించే దృశ్యమే. ఈ కథనం ఆ డబ్బా గురించీ, ఆ సంతకం గురించీ.

ఇప్పుడెందుకు ఈ మాట?

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి 14 లక్షల మందికి పైగా కొత్తగా క్యాన్సర్ బారిన పడుతున్నారు. 9 లక్షల మందికి పైగా దాంతో కన్నుమూస్తున్నారు. క్యాన్సర్ తాకని చుట్టరికం ఇప్పుడు అరుదు. ఆస్పత్రి వరండాల్లో తరచూ వినపడే ప్రశ్న ఒకటుంది: "మా వదినకు నయం చేసిన మందు మా అక్కకెందుకు పనిచేయలేదు? ఇద్దరిదీ రొమ్ము క్యాన్సరే కదా!"

పేరొక్కటే అయినా జబ్బు ఒక్కటి కాదు. కణంలోని జన్యువుల్లో ఎక్కడ తప్పు జరిగిందన్నదాన్ని బట్టి మందు మారిపోతుంది. ఆ తప్పును పట్టుకోవాలంటే వందల మంది, వేల మంది రోగుల కణజాలాన్ని పక్కపక్కన పెట్టి చదవాలి. 2025 ఫిబ్రవరిలో ఐఐటీ మద్రాస్ 'భారత్ క్యాన్సర్ జీనోమ్ అట్లాస్'ను విడుదల చేసినప్పుడు ఈ విషయం నలుగురి నోళ్లలోకీ వచ్చింది. 480 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల నమూనాలపై చేసిన 960 జన్యు పరీక్షల సమాచారం అందులో ఉంది. కంప్యూటర్ తెర మీద కనిపించే ఆ అక్షరాల వరసలన్నీ ఒకప్పుడు ఎవరో ఒకరి ఒంట్లోని ముక్కలే.

డబ్బాలోంచి మైనపు దిమ్మెదాకా

పల్లెల్లో "ముక్క తీసి పరీక్షకు పంపారు" అంటారు. ఆ ముక్క చేసే ప్రయాణం చూస్తే ఇన్ని చేతులు మారుతుందా అనిపిస్తుంది.

శరీరంలోంచి బయటికి రాగానే దానికి రక్తం ఆగిపోతుంది. కణాలు మాత్రం వెంటనే చచ్చిపోవు. ఊపిరాడనట్టు కొట్టుకుంటూ లోపలి ప్రొటీన్లనూ ఆర్‌ఎన్‌ఏనూ మార్చేసుకుంటుంటాయి. ఆలస్యమైతే మనం చదివేది ఆ గందరగోళాన్నే, క్యాన్సర్‌ను కాదు. అందుకే ఆ పాథాలజిస్టు ముందు సమయం అడిగింది. రొమ్ము గడ్డనైతే గంటలోపే కోసి, కణజాలాన్ని చెడకుండా ఉంచే ఫార్మలిన్‌లో వేయాలనీ, 6 గంటలకు తగ్గకుండా 72 గంటలకు మించకుండా అందులో ఉంచాలనీ అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

మొదట గడ్డను కొలుస్తారు, తూస్తారు. ఏ వైపు ఏదో తెలిసేలా అంచులకు రంగులు పూస్తారు. గడ్డ అంచుదాకా పాకిందా, సర్జన్ పూర్తిగా తీయగలిగారా అన్నది ఆ రంగులే చెబుతాయి. తర్వాత పాథాలజిస్టు తన కంటితో, వేళ్లతో తడిమి చూసి ముక్కలు ఎంచుతారు. రోగ నిర్ధారణకు కావలసినంత పక్కన పెట్టాకే బ్యాంకుకు వాటా. ఈ వరస ఎప్పుడూ తారుమారు కాకూడదు. గడ్డ మరీ చిన్నదైతే బ్యాంకుకు ఏమీ దక్కదు. రోగి అవసరం తీరాకే పరిశోధన.

బ్యాంకు వాటాగా గోరంత ముక్కను తీసి చిన్న గొట్టంలో వేసి ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టిస్తారు. అక్కడ చలి మైనస్ 196 డిగ్రీల సెల్సియస్. కణంలో ఆ క్షణాన ఏం జరుగుతోందో అలాగే నిలిచిపోతుంది. కొన్ని నమూనాలను మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లలో ఉంచుతారు. కరెంటు పోతే జనరేటర్ అందుకోవాలి, అదీ మొరాయిస్తే అర్ధరాత్రయినా ఫోన్ మోగాలి. ఒక్క రాత్రి ఏమరుపాటు చాలు, ఏళ్ల కష్టం కరిగిపోతుంది.

మిగిలిన ముక్కలు ఫార్మలిన్‌లోంచి ఆల్కహాల్‌లోకి, అక్కడినుంచి కరిగించిన మైనంలోకి వెళతాయి. నీరు పోయి ఆ చోట మైనం నిండుతుంది. చల్లారాక అది అగ్గిపెట్టె కన్నా చిన్న దిమ్మె అవుతుంది. దాన్నే 'బ్లాక్' అంటారు. మైక్రోటోమ్ అనే యంత్రం మీద టెక్నీషియన్ దాన్ని పొరలు పొరలుగా కోస్తారు. ఒక్కో పొర మందం 3 నుంచి 5 మైక్రాన్లు, అంటే తల వెంట్రుకలో పదో వంతు కన్నా తక్కువ. గోరువెచ్చని నీళ్ల మీద రిబ్బనులా తేలే ఆ పొరను గాజు పలక మీదికి ఎత్తి రంగులు అద్దుతారు. కణకేంద్రకాలు నీలంగా, మిగతాదంతా గులాబీ రంగులో మెరుస్తాయి. దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి పాథాలజిస్టు తీర్పు చెబుతారు.

> దిమ్మె వెనుక చరిత్ర
>
> • కాలిన వేళ్లు కాదు, గట్టిపడ్డ వేళ్లు: 1893లో జర్మన్ వైద్యుడు ఫెర్డినాండ్ బ్లమ్ ఫార్మాల్డిహైడ్ క్రిములను చంపుతుందో లేదో చూస్తుండగా తన వేలి చర్మం గట్టిపడటం గమనించారు. కణజాలాన్ని చెడకుండా ఉంచే ఫార్మలిన్ అలా ల్యాబుల్లోకి వచ్చింది.
>
> • చెట్టు ఇచ్చిన నీలం: స్లైడుకు నీలం రంగునిచ్చే హిమటాక్సిలిన్ మధ్య అమెరికా ప్రాంతపు ఓ చెట్టు చేవలోంచి తీసింది. నూరేళ్లు దాటినా ల్యాబుల్లో ఇంకా అదే మొదటి రంగు.
>
> • బల్ల మీద ఉండగానే ఫలితం: ముక్కను గడ్డకట్టించి వెంటనే కోసి చూసే 'ఫ్రోజెన్ సెక్షన్' పద్ధతిని అమెరికాలోని మేయో క్లినిక్‌లో లూయిస్ విల్సన్ 1905లో వాడుకలోకి తెచ్చారు. రోగి ఆపరేషన్ బల్ల మీద ఉండగానే సర్జన్‌కు కబురు అందుతుంది.
>
> • ఎనభై ఏళ్లకు నోరు విప్పిన బ్లాక్: 1918 నాటి ఫ్లూతో మరణించిన ఓ అమెరికన్ సైనికుడి ఊపిరితిత్తుల ముక్క మైనంలో భద్రంగా ఉండిపోయింది. 1997లో జెఫరీ టాబెన్‌బర్గర్ బృందం అందులోంచే ఆ వైరస్ జన్యు అక్షరాలను చదివింది.

పాత ముక్కలు, కొత్త మందులు

రైతు ఇంట్లో తిండి గింజలు ఒకచోట, విత్తనం గింజలు మరోచోట ఉంటాయి. ఎంత కరువొచ్చినా విత్తనం జోలికి వెళ్లరు. కణజాల బ్యాంకులో దాచిన ముక్క ఆ విత్తనం లాంటిది. ఎప్పుడు మొలకెత్తుతుందో దాచినవాళ్లకు కూడా తెలియదు.

అమెరికాలో డెన్నిస్ స్లామన్ బృందం 1987లో 189 మంది మహిళల రొమ్ము క్యాన్సర్ కణజాలాన్ని పరీక్షించింది. అందులో చాలా ముక్కలు టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో దాచి ఉంచినవి. వాటితోపాటు ఆ రోగులకు తర్వాత ఏమైందో రాసిపెట్టిన వివరాలూ ఉన్నాయి. చూడగా దాదాపు 30 శాతం గడ్డల్లో హెర్-2 అనే జన్యువు ప్రతులు ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా కనిపించాయి. అలాంటి గడ్డలున్న మహిళలకే జబ్బు తొందరగా తిరగబెట్టిందనీ తేలింది. శత్రువు ఎవరో తెలిశాక గురి పెట్టడం తేలికైంది. 1998లో ట్రాస్టుజుమాబ్ మందుకు అనుమతి వచ్చింది. ఇవాళ మన దగ్గర రొమ్ము క్యాన్సర్ రిపోర్టులో 'హెర్-2 పాజిటివ్' అని కనిపిస్తే దాని మూలం ఆ 189 మంది ముక్కల్లో ఉంది. తమ కణజాలం ఇంత మేలు చేస్తుందని ఆ మహిళల్లో ఎంతమందికి తెలిసి ఉంటుంది!

జర్మనీలో హరాల్డ్ జుర్ హౌజెన్‌దీ అలాంటి కథే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముక్కల్లో ఆయన వైరస్ కోసం ఏళ్ల తరబడి వెతికారు. 1983లో హెచ్‌పీవీ-16, మరుసటి ఏడాది హెచ్‌పీవీ-18 దొరికాయి. ఆ క్యాన్సర్లలో 70 శాతం దాకా ఈ రెండింటి పుణ్యమే. ఆ కనుగోలే టీకాకు పునాది. 2008లో ఆయనకు నోబెల్ దక్కింది. 2023లో మన దేశపు సొంత టీకా 'సెర్వావాక్' మార్కెట్లోకి వచ్చింది. ఆడపిల్లకు టీకా వేయించే ప్రతి తల్లీ ఎక్కడో ఓ జర్మన్ ల్యాబులో ముక్క ఇచ్చిన ఆడవాళ్లకు రుణపడినట్టే.

కీమోథెరపీ తొలిరోజుల్లో మన భీమవరం బిడ్డ చేయి కూడా ఉంది. బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ పాథాలజిస్టు. ల్యుకేమియా (రక్త క్యాన్సర్) సోకిన పిల్లల కణాలను మైక్రోస్కోపులో చూడటం, వాళ్లు చనిపోతే పోస్టుమార్టం చేయడం ఆయన పని. చూస్తూ ఊరుకోలేక మందు కోసం బయల్దేరారు. ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే రసాయనాలను ఆయనకు అందించింది లెడర్లీ సంస్థలో యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన బృందం. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రచురించారు. అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కు తగ్గింది. అప్పటిదాకా ఆ జబ్బు మీద ఏ మందూ అలా పనిచేయలేదు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్ కోవకే చెందిన మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ డాక్టర్లు రాస్తూనే ఉన్నారు.

మన గడ్డల్లో మన కథ

అమెరికాలో 2006లో మొదలైన 'క్యాన్సర్ జీనోమ్ అట్లాస్' 33 రకాల క్యాన్సర్లలో 11 వేల మందికి పైగా రోగుల నమూనాలను చదివింది. ప్రపంచమంతా దాన్ని వాడుకుంటోంది. కానీ అందులో అత్యధికులు ఐరోపా మూలాలున్నవాళ్లు. వాళ్ల తిండి, వాళ్ల అలవాట్లు, వాళ్ల జన్యువులు వేరు. మన జబ్బును వాళ్ల అద్దంలో చూసుకుంటే కొంతే కనిపిస్తుంది.

ఉత్తరాంధ్ర తీరపల్లెల్లో 'అడ్డపొగ' తెలియని పెద్దవాళ్లు ఉండరు. చుట్ట కాలే కొసను నోటి లోపల పెట్టుకుని పీల్చే అలవాటది, ముఖ్యంగా ఆడవాళ్లలో. గాలికి నిప్పు ఆరిపోకుండా ఉంటుందనో, పక్కవాళ్లకు కనిపించకూడదనో మొదలైందంటారు. ఆ వేడికీ పొగకూ అంగిలి మీద పుండు పడి క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉంది. ప్రపంచంలో అరుదుగా కనిపించే ఈ క్యాన్సర్‌ను మన పాథాలజిస్టులే పట్టుకున్నారు. ముంబైలో 1941లో మొదలైన టాటా మెమోరియల్ ఆస్పత్రి ల్యాబులో వి.ఆర్. ఖనోల్కర్, సూర్యాబాయి కలిసి అలవాట్లకూ క్యాన్సర్లకూ ఉన్న లంకెను 1945లోనే ప్రచురించారు. చుట్ట వల్ల అంగిలికీ, ఖైనీ వల్ల పెదవికీ, నడుము దగ్గర పంచె ఒరిపిడి వల్ల చర్మానికీ వచ్చే క్యాన్సర్లను అందులో వివరించారు. మన రోగుల ముక్కలే నేర్పిన పాఠమది.

గుట్కా కథా అంతే. బుగ్గకూ చిగురుకూ మధ్య పొగాకు దాచుకోవడం వల్ల వచ్చే నోటి క్యాన్సర్ మన దేశంలో ఎక్కువ. అంతర్జాతీయ క్యాన్సర్ జన్యు పథకంలో భారత్ ఎంచుకున్నదీ దాన్నే. కల్యాణిలోని జాతీయ బయోమెడికల్ జెనోమిక్స్ సంస్థ, నవీ ముంబైలోని క్యాన్సర్ పరిశోధన కేంద్రం యాక్ట్రెక్ కలిసి 110 మంది రోగుల కణజాలాన్ని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించాయి. అంతకుముందు ఈ జబ్బుతో సంబంధం ఉన్నట్టు తెలియని జన్యువులు కొన్ని అందులో బయటపడ్డాయి. మన రోగులు ముక్క ఇవ్వకపోతే, మన ల్యాబులు దాచకపోతే ఆ పని మనకోసం మరెవరూ చేయరు.

అడగకుండా తీసుకుంటే...

ఈ కథకు ఓ చీకటి కోణం ఉంది. దాన్ని దాచిపెడితే బ్యాంకుల మీద నమ్మకం నిలబడదు.

1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో హెన్రియెటా లాక్స్ అనే 30 ఏళ్ల నల్లజాతి మహిళ జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రికి వచ్చింది. ఐదుగురు బిడ్డల తల్లి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. ఆమె గడ్డలోంచి తీసిన చిన్న ముక్క జార్జ్ గై ల్యాబుకు చేరింది. అప్పటిదాకా మనిషి కణాలు గాజు పాత్రలో కొన్నాళ్లకే చచ్చిపోయేవి. ఆమె కణాలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి, ఇప్పటికీ పెరుగుతున్నాయి. 'హీలా' కణాలని పేరు పెట్టారు. పోలియో టీకాను పరీక్షించడం మొదలుకొని లెక్కలేనన్ని పరిశోధనలకు అవే ఆధారం. ఆమె అదే ఏడాది అక్టోబరు 4న మరణించింది. ఆమెను ఎవరూ అడగలేదు. ఇంట్లోవాళ్లకు తెలియడానికి ఇరవై ఏళ్లు దాటింది. ఆ కణాలతో కంపెనీలు వ్యాపారం చేసుకుంటుంటే పిల్లలు వైద్యానికి డబ్బుల్లేక ఇబ్బంది పడ్డారు. చివరికి 2023లో ఓ బయోటెక్ కంపెనీ కుటుంబంతో రాజీకి వచ్చింది.

అంత దూరం ఎందుకు, మన ఖమ్మం సంగతి చూడండి. 2009లో అక్కడి గిరిజన హాస్టళ్ల బాలికలతో సహా వేలమందికి అధ్యయనం కోసం హెచ్‌పీవీ టీకా వేశారు. అనేకమంది విషయంలో తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు చేశారని తేలింది. 2010లో కార్యక్రమం నిలిచిపోయింది. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో ఆ తీరును గట్టిగా తప్పుపట్టింది. తప్పు టీకాది కాదు, సంతకానిది. అయినా మంచి టీకా మీద కూడా ఏళ్ల తరబడి అనుమానం మిగిలిపోయింది. సమ్మతిని తేలిగ్గా తీసుకుంటే సైన్స్ చెల్లించే మూల్యం అది.

ఇప్పుడు నియమాలు స్పష్టంగా ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో విడుదల చేసిన జాతీయ నైతిక మార్గదర్శకాల ప్రకారం నమూనాకు హక్కుదారు ఇచ్చిన మనిషే. బ్యాంకు కాపలాదారు మాత్రమే. ఇచ్చినవాళ్లు మనసు మార్చుకుంటే వెనక్కు తీసుకోవచ్చు. నైతిక కమిటీ ఒప్పుకోకుండా ఏ పరిశోధకుడికీ ముక్క ఇవ్వకూడదు.

> సంతకానికి ముందు ఈ ప్రశ్నలు అడగండి
>
> • ఇది ఆపరేషన్ కోసం సమ్మతి పత్రమా, పరిశోధన కోసమా? రెండూ వేర్వేరుగా ఉండాలి.
>
> • నా వైద్య పరీక్షలకు కావలసినంత ముక్క ముందు పక్కన పెడతారా?
>
> • నా పేరు, ఊరు ఎవరికి తెలుస్తాయి?
>
> • తర్వాత వద్దనుకుంటే ఎవరికి చెప్పాలి?
>
> • చదవడం రాకపోతే తెలుగులో చదివి వినిపించమని, నమ్మకమైన మనిషిని సాక్షిగా ఉంచమని అడగండి. వేలిముద్ర కూడా సంతకమే.

కనిపించని డాక్టర్లు

రోగి సర్జన్‌కు దండం పెడతాడు, కీమో ఇచ్చిన నర్సును గుర్తుపెట్టుకుంటాడు. పాథాలజిస్టు పేరు రిపోర్టు అడుగున చిన్న అక్షరాల్లో ఉండిపోతుంది. నిజానికి క్యాన్సర్ అన్న మాటను తేల్చి చెప్పే బాధ్యత ఆ సంతకానిదే. సూదితో తీసిన సేమియా పోగులాంటి ముక్కను చూసి ఒక ఇల్లాలి రొమ్ము ఉంచాలా తీసేయాలా అన్న నిర్ణయానికి దారి వేయాలి. అనుమానం వస్తే నిద్ర పట్టదు. మళ్లీ పొరలు కోయిస్తారు, మరో డాక్టరుకు చూపిస్తారు.

వాళ్ల శ్రమను వృథా చేసేది తరచుగా ముందు జరిగే నిర్లక్ష్యమే. చిన్న ఊళ్లలో తీసిన గడ్డను ఫార్మలిన్ లేక సెలైన్ నీళ్లలో వేసి పంపుతారు. పెద్ద గడ్డను ఇరుకు సీసాలో కుక్కుతారు. ఆదివారమని రెండు రోజులు బల్ల మీద వదిలేస్తారు. అలాంటి ముక్క మీద ఎంత ఖరీదైన పరీక్ష చేసినా నిజం పలకదు. రోగి మళ్లీ సూది పొడిపించుకోవాలి, మళ్లీ బస్సెక్కాలి, మళ్లీ అప్పు చేయాలి. కణజాల బ్యాంకుకు భవనం కన్నా ముందు కావలసింది ఈ క్రమశిక్షణే.

హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి, విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. దేశంలోని క్యాన్సర్ ఆస్పత్రులను 2012 నుంచి 'నేషనల్ క్యాన్సర్ గ్రిడ్' ఒక్క తాటి మీదికి తెస్తోంది. ఉత్తరాంధ్ర అంగిలి క్యాన్సర్ నుంచి తెలంగాణ పల్లెల నోటి క్యాన్సర్ దాకా మన జబ్బుల ముక్కలు ఒక పద్ధతిలో, రోగి వివరాలతో సహా భద్రపడాలి. అందుకు జిల్లాకు చాలినంతమంది పాథాలజిస్టులు, శిక్షణ పొందిన టెక్నీషియన్లు, ఆగని కరెంటు కావాలి. యంత్రాలు కొనడానికి చూపే ఉత్సాహం మనుషుల్ని నియమించడంలోనూ ప్రభుత్వాలు చూపాలి.

మీ చేతిలో ఉన్న పని

ఇంట్లో ఎవరికైనా ముక్క పరీక్ష జరిగితే రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకండి. స్లైడు నంబరు, బ్లాక్ నంబరు రాసి పెట్టుకోండి. మరో ఆస్పత్రికి వెళుతుంటే బ్లాకూ స్లైడులూ ఇమ్మని అడగండి. దాంతో చాలాసార్లు కొత్తగా మళ్లీ ముక్క తీయాల్సిన అవసరం తప్పుతుంది. బ్లాక్‌ను ఎండలోనో, పొయ్యి దగ్గరో, కారు డాష్‌బోర్డు మీదో పెట్టకండి. అది మైనం, కరిగిపోతుంది.

పరిశోధన కోసం ముక్క అడిగితే భయపడి వద్దనకండి, మొహమాటపడి ఒప్పుకోకండి. అడగాల్సినవన్నీ అడిగి, అర్థమయ్యాక చెప్పండి. ఆ ముక్క ఎలాగూ ఒంట్లోంచి తీసేసేదే. దాచకపోతే ఆస్పత్రి చెత్తతో పాటు కాలి బూడిదవుతుంది. దాచితే, మన గడ్డ మీద పుట్టిన జబ్బుకు మన గడ్డ మీదే మందు వెతికేవాళ్లకు అదొక విత్తనం గింజ. తెలిసి ఇచ్చిన ఒక్క సంతకంతో దాన్ని రేపటి వాళ్లకు అందించండి.